యూనివర్సిటీకి ఒక్క దరఖాస్తే: అమెరికా రీసెర్చ్ గ్రాంట్లలో ‘ఇంటి పోటీ’ లెక్కలు

2025 జులైలో అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, అంటే ఎన్‌ఐహెచ్, ఒక నోటీసు ఇచ్చింది. ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌గా (పీఐ), అంటే ప్రాజెక్టును నడిపే ప్రధాన పరిశోధకుడిగా, ఒక వ్యక్తి ఏడాదికి ఆరు దరఖాస్తులకు మించి పెట్టకూడదని, సెప్టెంబర్ 25 నుంచి ఇది అమల్లోకి వస్తుందని అందులో ఉంది. ఏఐ సాయంతో ప్రపోజళ్లు గుట్టలుగా వచ్చిపడుతున్నాయని, ఒకే విడతలో ఒక్కరి పేరు మీదే 40కి పైగా వచ్చిన సందర్భమూ ఉందని ఎన్‌ఐహెచ్ కారణం చెప్పింది.

ఈ వార్తను అంతకంటే చాలా పాతదైన మరో నియమంతో కలిపేసుకోవడం తేలిక. ఆ పాత నియమం వ్యక్తిని లెక్కపెట్టదు, యూనివర్సిటీని లెక్కపెడుతుంది. ‘మీ సంస్థ నుంచి ఒక్క దరఖాస్తే పంపండి’, ‘రెండే పంపండి’ అంటుంది. రీసెర్చ్ ఆఫీసుల్లో దీన్ని లిమిటెడ్ సబ్‌మిషన్ అంటారు. ఇలాంటి గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలంటే ముందు సొంత క్యాంపస్‌లో పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లతో పోటీపడి నెగ్గాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఇక్కడ అక్షరాలా నియమమైపోయింది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన శిక్షణ) ముగించి అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన చాలామందికి ఈ ఇంటి పోటీ ఒకటి ఉంటుందనే సంగతి మొదటి గడువు దాటిపోయాక గానీ తెలియదు.

పరిమితి ఎవరి మీద?

అన్ని పరిమితులూ ఒకటి కావు. మొదటిది వ్యక్తి మీద పెట్టేది. ఎన్‌ఐహెచ్ ఆరు దరఖాస్తుల నియమం ఈ కోవలోదే. సైన్సు పరిశోధనకు నిధులిచ్చే మరో ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్, గ్రాడ్యుయేట్ విద్యార్థులకిచ్చే రీసెర్చ్ ఫెలోషిప్‌లోనూ ఇలాంటిదే ఉంది. గ్రాడ్యుయేట్ స్కూల్లో చేరాక ఒక్కసారే దరఖాస్తు పెట్టవచ్చని 2016లో నియమం మార్చారు. ఇక్కడ పక్కవాళ్లు ఎన్ని దరఖాస్తులు పెట్టినా మీ హక్కుకు ఇబ్బంది లేదు.

రెండోది సంస్థ మీద పెట్టేది. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే. పీహెచ్‌డీ ముగించగానే సొంత ల్యాబ్ పెట్టుకునేందుకు ఎన్‌ఐహెచ్ ఇచ్చే డైరెక్టర్స్ ఎర్లీ ఇండిపెండెన్స్ అవార్డుకు ఒక సంస్థ నుంచి రెండే దరఖాస్తులు వెళ్లాలి. అవార్డు కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల వరకు ప్రత్యక్ష ఖర్చులు (పరిశోధనకు నేరుగా అయ్యేవి), ఐదేళ్ల దాకా ఇస్తారు కాబట్టి ఆ రెండు స్థానాల కోసం పెద్ద మెడికల్ స్కూళ్లలో పోటీ గట్టిగానే ఉంటుంది.

మూడోదానికి ద్వారం ఇంకా ఇరుకు. ఇందులో సంస్థకు పరిమితి ఉండటమే కాదు, ఏ సంస్థలు పంపవచ్చో కూడా నిధులిచ్చేవారే నిర్ణయిస్తారు. సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధకులకు ప్యాకర్డ్ ఫౌండేషన్ ఇచ్చే ప్యాకర్డ్ ఫెలోషిప్ ఇలాగే నడుస్తుంది. 50 యూనివర్సిటీల అధ్యక్షులను పిలిచి, అధ్యాపక ఉద్యోగంలో మొదటి మూడేళ్లలో ఉన్నవాళ్లను ఇద్దరేసి చొప్పున నామినేట్ చేయమంటారు. ఏటా ఎంపికయ్యేది 20 మంది. ఒక్కొక్కరికి ఐదేళ్లలో 8.75 లక్షల డాలర్లు. ఆ 50లో మీ యూనివర్సిటీ లేకపోతే మీ ప్రతిభ ఎంతటిదైనా తలుపు దగ్గరకు కూడా వెళ్లలేరు. ప్యూ బయోమెడికల్ స్కాలర్స్ కార్యక్రమంలోనూ ఆహ్వానం అందిన సంస్థలే తమ అభ్యర్థిని నామినేట్ చేస్తాయి.

ప్రకటన చదివేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఈ మూడింటిలో ఏ రకమన్నదే. ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రకటనల్లో సంస్థ పరిమితికి ఒక వరుస, పీఐ పరిమితికి మరో వరుస విడివిడిగా ఉంటాయి. కొన్ని కార్యక్రమాల్లో రెండూ కలిసి ఉంటాయి కూడా.

ఈ పరిమితి ఎందుకు పుట్టింది?

డబ్బు పంచడం కన్నా దరఖాస్తులు చదివించడమే కష్టమైపోయే రోజులు వస్తాయి. 2009లో అది బాగా తెలిసొచ్చింది. ఆర్థిక మాంద్యం నుంచి బయటపడేందుకు అమెరికా ప్రభుత్వం తెచ్చిన ఉద్దీపన చట్టం కింద ఎన్‌ఐహెచ్ ‘ఛాలెంజ్ గ్రాంట్లు’ ప్రకటిస్తే 20 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. నిధులు దక్కింది అందులో చాలా కొద్దిమందికే. ఆ మిగతావన్నీ ఎవరో రాత్రింబవళ్లు కూర్చుని రాసినవి, ఇంకెవరో తమ పని మానుకుని చదివినవి.

దరఖాస్తులు చదివే రివ్యూయర్లు సాధారణంగా పూర్తికాలపు ఉద్యోగులు కారు. సొంత ల్యాబ్, సొంత క్లాసులు ఉన్న ప్రొఫెసర్లే. ఒక్కో ప్రపోజల్‌కు ముగ్గురు చొప్పున కావాలి, వాళ్లకూ దరఖాస్తుదారుకూ మధ్య సంబంధం ఉండకూడదు. దరఖాస్తులు పెరిగేకొద్దీ అలాంటి మనుషులు దొరకడం కష్టమవుతుంది. సంస్థ పరిమితి పెడితే మొదటి వడపోత క్యాంపస్‌లోనే అయిపోతుంది. నిధులిచ్చేవారి ఖర్చు తగ్గుతుంది. యూనివర్సిటీ కూడా ‘ఇది మాకు నిజంగా కావాలి’ అని బరువు మోసి పంపుతుంది. పరికరాల గ్రాంట్ల విషయంలో ఈ రెండో కారణానికే బలమెక్కువ. పరికరం వచ్చాక దానికి గది, కరెంటు, టెక్నీషియన్, ఏళ్ల తరబడి మరమ్మతులు ఇవన్నీ యూనివర్సిటీ నెత్తినే పడతాయి.

పరిమితి వల్ల అవకాశం పెరుగుతుందా? ఒక లెక్క

ఊహాజనితమైన ఒక గ్రాంటు తీసుకుందాం. 200 యూనివర్సిటీలున్నాయి, ప్రతి చోటా ఎనిమిది మందికి ఆసక్తి ఉంది, ఇచ్చే గ్రాంట్లు 40.

పరిమితి లేకపోతే 1,600 దరఖాస్తులు వస్తాయి. ఒక్కొక్కరి అవకాశం 1,600లో 40, అంటే 2.5 శాతం.

ఇప్పుడు యూనివర్సిటీకి ఒకటే అన్నారనుకోండి. బయటకు వెళ్లేవి 200. అందులో 40 గెలుస్తాయి, అంటే 20 శాతం. ఆ అంకె చూడగానే బాగుందనిపిస్తుంది. కానీ ఆ 200లో ఒకరు కావాలంటే ముందు క్యాంపస్‌లో ఎనిమిది మందిలో ఒకరు కావాలి. ఎనిమిదిలో ఒకటి అంటే 12.5 శాతం. 12.5 శాతంలో 20 శాతం ఎంత? మళ్లీ అదే 2.5 శాతం.

సగటు అవకాశంలో వీసమెత్తు మార్పు లేదు. 40 గ్రాంట్లు, 1,600 మంది ఆశావహులు ఉన్నంతకాలం ఏ నియమం పెట్టినా అది మారదు. మారేది తీర్పు చెప్పే చోటు. అంతకుముందు మొత్తం వడపోత నిధులిచ్చేవారి ప్యానెల్‌లో జరిగేది. ఇప్పుడు ఎనిమిదిలో ఏడుగురిని ఇంటికి పంపేది సొంత యూనివర్సిటీ కమిటీ. లిమిటెడ్ సబ్‌మిషన్ గురించి మిగతా చర్చ అంతా ఈ ఒక్క సంగతి నుంచే పుడుతుంది.

మరి ఆదా ఎక్కడ? రాసే శ్రమలో. పూర్తి ప్రపోజల్ రాయడానికి 120 గంటలు పడుతుందనుకుంటే, పరిమితి లేనప్పుడు 1,600 మందీ కలిపి 1,92,000 గంటలు వెచ్చిస్తారు. పరిమితి ఉంటే అందరూ పది గంటల్లో రెండు పేజీల ప్రీ-ప్రపోజల్ రాస్తారు, అది 16,000 గంటలు. ఎంపికైన 200 మంది పూర్తిది రాస్తారు, అది 24,000. మొత్తం 40,000 గంటలు. అంటే దాదాపు ఐదింట నాలుగు వంతుల శ్రమ మిగిలింది.

ఈ ఆదా క్యాంపస్ కమిటీ సంయమనం మీద ఆధారపడి ఉంది. ‘బాగా నిర్ణయించాలి కదా’ అని కమిటీ పది పేజీల పత్రం, వివరమైన బడ్జెట్, మద్దతు లేఖలు అడిగితే ఒక్కొక్కరికి 40 గంటలు పడుతుంది. అప్పుడు లోపలి శ్రమే 64,000 గంటలు, పూర్తి ప్రపోజళ్లతో కలిపి 88,000. ఆదా సగం కంటే కాస్త ఎక్కువకు పడిపోయింది. పైగా ఓడిపోయిన 1,400 మంది రాసిన ఆ పత్రాలు మరెక్కడా పనికిరావు.

పెద్ద యూనివర్సిటీ, చిన్న యూనివర్సిటీ

పై లెక్కలో ప్రతి యూనివర్సిటీలోనూ ఎనిమిది మందే అనుకున్నాం. అసలు చిత్రం అలా ఉండదు. వంద పెద్ద యూనివర్సిటీల్లో 15 మంది చొప్పున, వంద చిన్నవాటిలో ఒక్కొక్కరు చొప్పున ఉన్నారనుకుందాం. మొత్తం మళ్లీ 1,600 మందే. గ్రాంట్లు 40.

పెద్ద యూనివర్సిటీలో ఉన్నవారి అవకాశం: 15లో ఒకటి, ఆపైన 20 శాతం, అంటే సుమారు 1.33 శాతం. చిన్న యూనివర్సిటీలో ఉన్నవారికి లోపల పోటీయే లేదు కాబట్టి నేరుగా 20 శాతం. తేడా 15 రెట్లు.

ఇది మరీ సరళమైన లెక్క. 15 మందిలో వడకట్టి పంపిన ప్రపోజల్ సహజంగా గట్టిగా ఉంటుంది. అందుకని పెద్దవాళ్లు పంపినవి 30 శాతం, చిన్నవాళ్లవి 10 శాతం గెలుస్తాయనుకుందాం. అప్పుడు పెద్దచోట ఒక్కొక్కరి అవకాశం 2 శాతం, చిన్నచోట 10 శాతం. తేడా ఐదు రెట్లకు తగ్గింది గానీ పోలేదు. పరిమితి లేకపోతే నాణ్యత సమానమైనచోట అందరికీ 2.5 శాతమే.

కాబట్టి సంస్థ పరిమితి అంటే, చెప్పినా చెప్పకపోయినా, పంపకాల విధానం కూడా. అది నిధులను పెద్దచోట్ల నుంచి చిన్నచోట్లకు కొంత జరుపుతుంది. ఆహ్వానం ఉన్న సంస్థలకే అవకాశమిచ్చే ఫెలోషిప్‌లు సరిగ్గా దీనికి వ్యతిరేక దిశలో పనిచేస్తాయి. అక్కడ చిన్న యూనివర్సిటీ అధ్యాపకుల అవకాశం సున్నా. పైకి రెండూ ‘సంస్థకు ఇద్దరు’ అనే ఒకే మాటతో కనిపిస్తాయి, ఫలితం మాత్రం తూర్పు పడమర.

‘ఒక సంస్థ’ అంటే ఎవరు?

అతి మామూలుగా కనిపించే ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఫెడరల్ నిధులు తీసుకునే ప్రతి సంస్థకూ యూనిక్ ఎంటిటీ ఐడెంటిఫయర్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఎర్లీ ఇండిపెండెన్స్ అవార్డు లాంటివాటిలో సంస్థను మామూలుగా ఆ సంఖ్యతోనే లెక్కిస్తారు. మెడికల్ స్కూలుకు వేరే సంఖ్య ఉంటే అది వేరే సంస్థ, ప్రధాన క్యాంపస్‌తో సంబంధం లేకుండా దాని రెండు స్థానాలు దానికే. అదే సంఖ్య మీద నడుస్తుంటే మెడిసిన్, ఇంజినీరింగ్, సైన్సెస్ అన్నీ కలిసి రెండు స్థానాల కోసం కొట్టుకోవాలి. పేరు ఒకటే కదా అని ఒకే సంస్థ అనుకోవడం, భవనాలు వేరు కదా అని వేర్వేరు సంస్థలనుకోవడం రెండూ తప్పే. ఏ ప్రకటనలో ఏ నిర్వచనం ఇచ్చారో అదే ప్రమాణం.

రెండో చిక్కు భాగస్వాములది. మా స్థానం అయిపోయింది, పక్క యూనివర్సిటీ ద్వారా పంపి మేం సబ్ అవార్డు, అంటే గ్రాంటులో ఒక వాటా, తీసుకుంటాం అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. చాలా కార్యక్రమాల్లో పరిమితి దరఖాస్తు పంపే లీడ్ సంస్థకే వర్తిస్తుంది కాబట్టి అది చెల్లుతుంది. అన్నిచోట్లా చెల్లదు. ఎన్‌ఎస్‌ఎఫ్ మేజర్ రీసెర్చ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ కార్యక్రమాన్ని చూడండి, అందరూ ఎంఆర్ఐ అంటారు, ఆసుపత్రి స్కానింగ్‌తో సంబంధం లేదు. అందులో అడిగిన మొత్తంలో 20 శాతానికి మించి సబ్ అవార్డుగా తీసుకునే సంస్థకు కూడా అది ఒక దరఖాస్తు కింద లెక్కపడుతుంది. 20 లక్షల డాలర్ల ప్రపోజల్‌లో భాగస్వామికి 3.5 లక్షలిస్తే అది 17.5 శాతం, లెక్కలోకి రాదు. 5 లక్షలిస్తే 25 శాతం, వస్తుంది. భాగస్వామి క్యాంపస్‌లో రీసెర్చ్ ఆఫీసుకు ఈ సంగతి చెప్పకపోతే, ఇంటి పోటీలో గెలిచి కూర్చున్న మరొకరి స్థానాన్ని వాళ్లకు తెలియకుండానే తినేసినట్టు. డబ్బు తీసుకోని సహకారం మాత్రం లెక్కకు రాదు.

పరిమితి దాటితే ఏమవుతుందన్నది కూడా ప్రకటనలోనే రాసి ఉంటుంది. ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రకటనల్లో తరచూ కనిపించే నియమం ఇది: తేదీ, సమయం ప్రకారం ముందు అందినవి తీసుకుంటారు, మిగతావి రివ్యూ చేయకుండా తిప్పి పంపుతారు, మినహాయింపులుండవు. అంటే కమిటీ ఎంపిక చేసిన మంచి ప్రపోజల్ గడువు రోజు సాయంత్రం వెళ్లి, అనుమతి లేనిది ముందురోజే వెళ్లిపోతే, నిలిచేది అనుమతి లేనిదే. ప్రపోజల్‌ను చివరగా పంపే అధికారం పీఐ చేతిలో కాకుండా యూనివర్సిటీ అధీకృత ప్రతినిధి చేతిలో ఉంటుంది కాబట్టి ఇది రోజూ జరిగే ప్రమాదం కాదు. కానీ డజన్ల కొద్దీ ప్రపోజళ్లు ఒకే రోజు దాటించే ఆఫీసులో ‘ఇది పరిమితి ఉన్న కార్యక్రమం’ అన్న గుర్తు పడకపోతే జారిపోతుంది.

దగ్గరగా ఒక ఉదాహరణ: ఎంఆర్ఐ

లిమిటెడ్ సబ్‌మిషన్ ఎంత లోతుకు వెళ్తుందో చూడాలంటే ఇంతకంటే మంచి నమూనా లేదు. ఎన్‌ఎస్‌ఎఫ్ 23-519 సంఖ్యతో వచ్చిన ప్రకటనలో మూడు ట్రాకులున్నాయి. ట్రాక్ 1లో లక్ష డాలర్ల నుంచి 14 లక్షల లోపు. ట్రాక్ 2లో 14 లక్షల నుంచి 40 లక్షల దాకా. ట్రాక్ 3 హీలియం వాడకాన్ని తగ్గించే, తిరిగి పట్టుకునే పరికరాలకు, లక్ష నుంచి 40 లక్షల దాకా. ఒక సంస్థ మొత్తం నాలుగు పంపవచ్చు: ట్రాక్ 1లో రెండు, ట్రాక్ 2లో ఒకటి, ట్రాక్ 3లో ఒకటి. హీలియంకు ప్రత్యేకంగా ఒక ద్వారం తెరవడంలో ఔచిత్యముంది. అణువుల నిర్మాణాన్ని చూపే ఎన్‌ఎంఆర్ యంత్రాల సూపర్‌కండక్టింగ్ అయస్కాంతాలు ద్రవ హీలియం మీద బతుకుతాయి, దాని కొరత ల్యాబులకు కొన్నేళ్లుగా పెద్ద బెడద.

ఈ విభజన వల్ల క్యాంపస్ లోపల ఒక వ్యూహం పుడుతుంది. 13.8 లక్షల పరికరం ట్రాక్ 1 కిందకు వస్తుంది, దానికి రెండు స్థానాలున్నాయి. అదే పరికరానికి అదనపు డిటెక్టర్ కలిపితే 14.5 లక్షలై ట్రాక్ 2కు వెళ్తుంది, అక్కడ ఒక్కటే స్థానం, పోటీకి వచ్చేవి 30, 40 లక్షల పరికరాలు. కాబట్టి సరిహద్దు దగ్గరున్న ప్రపోజల్‌కు డిటెక్టర్ నిజంగా అవసరమా అన్న శాస్త్రీయ ప్రశ్నతో పాటు ఏ ట్రాకులో ఎవరున్నారన్న ప్రశ్న కూడా ముడిపడుతుంది.

ఇందులో డబ్బు కోణం ఇంకొకటి. పీహెచ్‌డీ ఇచ్చే యూనివర్సిటీలు మొత్తం ప్రాజెక్టు ఖర్చులో 30 శాతం సొంతంగా పెట్టుకోవాలని చట్టం చెబుతోంది. 2022 చిప్స్ అండ్ సైన్స్ యాక్ట్ దాన్ని ఐదేళ్ల పాటు పక్కనపెట్టింది. ఆ గడువు తర్వాత నియమం తిరిగి వస్తే పాత పొరపాటూ తిరిగి వస్తుంది. 30 శాతం దేనిలో? మొత్తం ఖర్చులో. ఎన్‌ఎస్‌ఎఫ్‌ను అడిగే మొత్తంలో కాదు. 7 లక్షలు అడిగితే యూనివర్సిటీ వాటా 3 లక్షలు, మొత్తం 10 లక్షలు. 7 లక్షలలో 30 శాతమని 2.1 లక్షలు చూపిస్తే మొత్తం 9.1 లక్షలవుతుంది, వాటా 23 శాతం దగ్గరే ఆగిపోతుంది, నియమం తప్పినట్టే. తేలిక దారి ఏమిటంటే అడిగే మొత్తాన్ని మూడుతో హెచ్చించి ఏడుతో భాగించడం.

వాటా నియమం ఉన్న రోజుల్లో ఇంటి పోటీ స్వరూపమే వేరు. సైన్సు ఎవరిది బాగుందన్నదానితో సమానంగా, ఎవరి డీన్ 3 లక్షలు తీయగలడన్నదీ బరువు తూగేది. నిధులు తక్కువున్న కాలేజీల వాళ్లు ప్రీ-ప్రపోజల్ కూడా రాయకుండానే తప్పుకునేవారు. మినహాయింపు అలాంటివారికి మేలు చేసింది. అదే సమయంలో లోపలి దరఖాస్తుల వరద పెంచింది. రెండూ నిజమే.

క్యాంపస్‌లో ఏం జరుగుతుంది?

పద్ధతి చాలాచోట్ల ఒకేలా ఉంటుంది. రీసెర్చ్ వైస్ ప్రెసిడెంట్ ఆఫీసు ప్రకటన పంపుతుంది. ఆసక్తి ఉన్నవాళ్లు రెండు మూడు పేజీల ప్రీ-ప్రపోజల్, సీవీ, ఉజ్జాయింపు బడ్జెట్ ఇస్తారు. వేర్వేరు విభాగాల సీనియర్ ప్రొఫెసర్ల కమిటీ చదివి ర్యాంకులిస్తుంది. మొదటి ర్యాంకుకు అనుమతి, రెండో ర్యాంకును రిజర్వులో పెట్టడం. ఎవరూ ముందుకు రాకపోతే తర్వాత అడిగిన మొదటివారికే స్థానం ఇచ్చేస్తారు. లోపలి గడువు దాటిపోయిందని నిరాశపడి ఊరుకునేవారు తెలుసుకోవాల్సిన విషయమిది. ఖాళీగా మిగిలిపోయే స్థానాలు నిజంగానే ఉంటాయి.

చిక్కంతా సమయంతో. నవంబర్ 15 బయటి గడువనుకుందాం. మే నెలలో ప్రకటన, జూన్ మధ్యలో ప్రీ-ప్రపోజళ్లు, జులై మొదట్లో నిర్ణయం అయితే గెలిచినవారికి నాలుగు నెలలు చేతిలో ఉంటాయి. అదే సెప్టెంబర్ చివర్లో మొదలుపెడితే నిర్ణయం అక్టోబర్ మూడో వారానికి వస్తుంది. మిగిలింది నాలుగు వారాలు. అందులో కంపెనీ నుంచి పరికరం కొటేషన్ తెప్పించాలి, గది కేటాయింపు లేఖ తేవాలి, భాగస్వాముల బడ్జెట్లు కలపాలి. నాలుగు వారాల్లో రాసిన ప్రపోజల్ నాలుగు నెలల దానితో బయట తలపడుతుంది. లోపల ఎంత న్యాయంగా ఎంపిక చేసినా ఆలస్యం దాన్ని నీరుగారుస్తుంది.

కమిటీలో ఉండేది ఆ సబ్జెక్టు నిపుణులు కారు, ఇది రెండో చిక్కు. క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ప్రపోజల్‌ను ఒక సివిల్ ఇంజినీరు, ఒక ఆర్థికవేత్త, ఒక గణిత శాస్త్రవేత్త చదవవచ్చు. తోటి నిపుణుల కోసం రాసినట్టు రాస్తే వాళ్లకు అర్థం కాదు. అర్థం కానప్పుడు మనుషులు తెలిసిన పేరు వైపు, గతంలో గ్రాంట్లు తెచ్చిన చరిత్ర వైపు మొగ్గుతారు. కొత్తగా చేరినవారికి అక్కడే దెబ్బ. నిధులిచ్చేవారు సరిగ్గా ఏం కోరుకుంటున్నారో ఒక పేరాలో వాళ్ల మాటల్లోనే చూపించిన ప్రీ-ప్రపోజల్, సైన్సు సమానంగా ఉన్నప్పుడు ముందుకొస్తుంది.

గెలిచినవారు చివరి నిమిషంలో తప్పుకోవడం మూడో చిక్కు. గడువుకు పది రోజుల ముందు ‘ఈసారి కుదరదు’ అంటే రిజర్వులో ఉన్నవారు రాయలేరు, స్థానం వృథా. అందుకే కొన్ని యూనివర్సిటీలు గెలిచినవారి నుంచి లిఖితపూర్వక హామీ తీసుకుని, మధ్యలో ఒక తేదీకి చిత్తుప్రతి చూపించమంటాయి. ఇది పెత్తనంలా కనిపించినా రెండో ర్యాంకు వ్యక్తికి ఉన్న రక్షణ అదొక్కటే.

ఎవరి వాదన ఏమిటి?

సమర్థించేవారి మాటలో బలముంది. రాసే శ్రమ, చదివే శ్రమ తగ్గుతుంది. నాలుగైదు యూనివర్సిటీలే నిధులన్నీ ఊడ్చుకుపోకుండా ఒక కట్టడి ఉంటుంది. ఒకే పరికరం కోసం ముగ్గురు విడివిడిగా అడిగే బదులు క్యాంపస్‌లోనే కలిసి అడుగుతారు. ఈ చివరిది పరికరాల గ్రాంట్లలో పెద్ద లాభం.

వ్యతిరేకించేవారి మాటా తేలికగా తీసేయదగ్గది కాదు. పెద్ద యూనివర్సిటీలో మూడో ర్యాంకు వచ్చిన ఆలోచన దేశంలో పదో స్థానంలో ఉండవచ్చు, దాన్ని ఎవరూ చూడరు. కొత్త తరహా పరిశోధన, రెండు విభాగాల మధ్య పడే పరిశోధన స్థానిక కమిటీకి అర్థం కాక ఆగిపోవచ్చు. చిన్న యూనివర్సిటీలకు లోపల పోటీ లేదన్నది నిజమే గానీ బడ్జెట్ చూసే మనిషి, చిత్తుప్రతి చదివిపెట్టే ఆఫీసు కూడా ఉండకపోవచ్చు. స్థానం ఉన్నంత మాత్రాన నిలబడే ప్రపోజల్ దానంతటది పుట్టదు.

నా అంచనాలో పరిమితి పరికరాలకు, శిక్షణ కేంద్రాలకు బాగా నప్పుతుంది. ఎందుకంటే అక్కడ అడిగేది సంస్థే, భరించేదీ సంస్థే. ఒంటరి పరిశోధకుడి ఆలోచనకు ఇచ్చే గ్రాంటుకు అంతగా నప్పదు. అక్కడ పక్క విభాగంలో ఎవరున్నారన్నది ఆ ఆలోచన మంచిచెడ్డలతో సంబంధం లేని విషయం.

వేరే దారులు

వరదను ఆపడానికి సంస్థ పరిమితి ఒక్కటే మార్గం కాదు. ఎన్‌ఎస్‌ఎఫ్‌లో జీవశాస్త్రానికి చెందిన రెండు విభాగాలు 2012లో ముందు చిన్న ప్రీ-ప్రపోజల్, నచ్చితేనే పూర్తిది అనే పద్ధతి తెచ్చాయి. ఎంపిక నిపుణుల చేతిలోనే ఉంటుంది, కానీ ఒక విడత తప్పితే ఏడాది ఆగాల్సి వస్తుందన్న ఫిర్యాదులొచ్చాయి. తర్వాత గడువు తేదీలే ఎత్తేసి ఎప్పుడైనా పంపమన్నారు. భూ విజ్ఞాన విభాగంలో కొన్ని కార్యక్రమాలకు గడువు తీసేస్తే దరఖాస్తులు సగానికి పైగా తగ్గాయి. గడువు ఉంది కాబట్టే రాసేవి ఎన్ని ఉండేవో అప్పుడు బయటపడింది.

లాటరీ ఇంకో దారి. న్యూజిలాండ్ హెల్త్ రీసెర్చ్ కౌన్సిల్ 2013 నుంచి ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లలో కనీస ప్రమాణం దాటినవాటి మధ్య చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుతోంది. బ్రిటిష్ అకాడమీ 2022 నుంచి చిన్న గ్రాంట్లలో ఇలాంటిదే ప్రయత్నించింది. క్యాంపస్ పోటీలో రెండు మూడు ప్రపోజళ్లు సమానమని కమిటీయే ఒప్పుకున్నప్పుడు దీన్ని ఎందుకు వాడకూడదో చెప్పడం కష్టం. లాటరీలో కనీసం కొత్తవారి పేరు, పాతవారి పేరు ఒకే బరువు తూగుతాయి.

ఈ దారుల్లో ఏది మేలో తేల్చడానికి కావలసిన ఒక అంకె మాత్రం నిధులిచ్చేవారి దగ్గర ఉండదు. వాళ్లు ప్రకటించే విజయ శాతంలో హారం తమకు అందిన దరఖాస్తుల సంఖ్య. క్యాంపస్‌లోనే ఆగిపోయినవి అందులో లేవు. ప్యాకర్డ్‌కు నామినేట్ అయ్యేవారు వందమంది దాకా, గెలిచేవారు 20 మంది, కాబట్టి బయటికి కనిపించేది 20 శాతం. ఆ వందమందిని నిలబెట్టడానికి 50 క్యాంపస్‌లలో ఎంతమంది రాశారన్నది ఆ యాభై రీసెర్చ్ ఆఫీసుల ఫైళ్లలోనే ఉంటుంది. ఏ కార్యక్రమానికి ఎన్ని ప్రీ-ప్రపోజళ్లు వచ్చాయో, ఎవరు ఏ కారణంతో ఆగారో ఒక ఆఫీసు ఏటా ప్రచురిస్తే, అక్కడి అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చే ఏడాది ఆ పది గంటలు పెట్టాలో వద్దో చూసి నిర్ణయించుకోగలుగుతారు.